స్కేల్ చెయ్యరాదు

అడ్డం 16 గడులు, నిలువు 16 గడులు, మొత్తం 256 పిక్సెళ్లు. కంప్యూటర్‌లో ఫోల్డర్ల జాబితా తెరిస్తే పేరుకు ఎడమపక్కన కనిపించే బొమ్మకు దక్కే స్థలం అంతే. బెంగళూరు బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో చిన్న టూల్ రూమ్ నడుపుతున్న మదనపల్లె పెద్దాయన ఒకరు ఆ స్థలంలో ఒక డై సెట్‌ను నిలబెట్టారు. పైన ప్లేటు, కింద ప్లేటు, రెండు వైపులా గైడ్ పిల్లర్లు, నడుమ పంచ్. ప్రెస్ షాపులో నాలుగు రోజులు నిలబడ్డ కుర్రాడెవరైనా దాన్ని చూడగానే గుర్తుపడతాడు.

దాన్ని తెరనిండా పెద్దది చేసి గడి గడీ లెక్కపెట్టాను. ఎడమ అంచున రెండు నిలువు వరుసలు ఖాళీ. తర్వాత రెండు వరుసల వెడల్పున పిల్లర్. మళ్లీ రెండు ఖాళీ. నడుమ నాలుగు వరుసల పంచ్. ఆపైన రెండు ఖాళీ, రెండు పిల్లర్, చివర రెండు ఖాళీ. కూడితే 16. ఈ పంపకం ఊరికే కుదిరింది కాదు. 16 సరిసంఖ్య కాబట్టి నడిమి గీత ఎనిమిదో వరుసకూ తొమ్మిదో వరుసకూ మధ్య పడుతుంది. నడుమ నిలిచేదేదైనా సరిసంఖ్య వెడల్పులోనే ఉండాలి. పంచ్‌ను మూడు వరుసలుగానో అయిదు వరుసలుగానో గీస్తే ఒక పక్కకు జరిగిపోతుంది. మామూలు కంటికి అది పట్టకపోవచ్చు. పంచ్‌కూ డైకీ మధ్య క్లియరెన్స్‌ను మైక్రాన్లలో చూసుకునే మనిషికి మాత్రం ఆ ఒక్క పిక్సెల్ పంచ్ విరిగే టూల్‌లా కనిపిస్తుంది.

నిలువు లెక్క ఇంకా బాగుంది. పై రెండు వరుసల్లో షాంక్, దాని కింద మూడు వరుసల పై ప్లేటు. పంచ్ అక్కణ్నుంచి నాలుగు వరుసలు దిగి ఆగిపోతుంది. పంచ్ కొసకూ మూడు వరుసల కింది ప్లేటుకూ మధ్య రెండు వరుసలు తెల్లగా వదిలేశారు. అది రేకు వెళ్లే దారి. చోటు కోసం ప్రతి పిక్సెల్‌కూ కొట్టుకునే బొమ్మలో కూడా రేకు దారి మూసెయ్యలేదు. అది మూస్తే ప్రెస్ టూల్ కాస్తా మామూలు ఇనప దిమ్మ అవుతుంది. అట్టడుగున మిగిలిన రెండు వరుసలు నిండు పసుపు. ఇది ఫైల్ కాదు, ఫోల్డర్ అని చెప్పడానికి ఆ పసుపు అంచు ఒక్కటే గుర్తు. 

ఈ పెద్దాయన చదివింది హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో మొదలైన సంస్థ అది. తెలుగువాళ్లలో టూల్ డిజైన్ నేర్చినవాళ్లు చాలామంది ఆ గేటు దాటి వచ్చినవాళ్లే. తర్వాత హోసూరు రోడ్డు పట్టుకుని ఇటు వచ్చారు. బొమ్మసంద్ర ఇప్పుడు మెట్రో పసుపు మార్గానికి చివరి స్టేషన్. ఆర్.వి. రోడ్డు నుంచి ఇక్కడిదాకా 2025 ఆగస్టులో రైళ్లు మొదలయ్యాయి. అంతకు చాలాముందు నుంచే ఈ షెడ్లలో జిగ్గులు, ఫిక్స్చర్లు, ప్రెస్ టూళ్లు, ప్లాస్టిక్ అచ్చులు తయారవుతున్నాయి. ఆనేకల్, హోసూరు వైపు ఇళ్లలో తెలుగు ఎప్పటినుంచో ఉంది. షాపుల్లో మాత్రం కన్నడం, తమిళం, హిందీ, ఒడియా అన్నీ వినిపిస్తాయి.

ఫోల్డర్ బొమ్మల అవసరం అక్కడే పుట్టింది. ఒక్కో జాబ్‌కు ఒక్కో ఫోల్డర్. అందులో డ్రాయింగులు, సీఎన్‌సీ ప్రోగ్రాములు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు. ఫోల్డర్ పేరు చూస్తే ఇంగ్లిషు అక్షరాలు రెండు, వెనకాల అంకెలు. పక్కపక్క జాబులకు చివరి అంకె ఒక్కటే తేడా. తప్పు ఫోల్డర్ తెరిచి, తప్పు ప్రోగ్రామ్ మెషీన్‌కు ఎక్కిస్తే నష్టం కంప్యూటర్‌లో జరగదు, బెడ్ మీద బిగించిన స్టీలు బ్లాకులో జరుగుతుంది. అందుకని ఆయన ప్రతి రకం టూల్‌కూ ఒక బొమ్మ గీసి ఫోల్డర్లకు తొడిగారు. ఏ భాష కుర్రాడైనా ముందు బొమ్మను చూసి, ఆ తర్వాత అంకె సరిచూసుకుంటాడు. ఫోల్డర్లకు బొమ్మలు పెట్టుకోవడం తీరికున్నవాళ్ల సరదా అనుకునేవాళ్లు ఆ షెడ్డులో ఒక పూట కూర్చుంటే చాలు.

బొమ్మల్లో నాకు అన్నిటికంటే నచ్చింది వీ-బ్లాక్. దాని గాడి 90 డిగ్రీలు, అంటే ఒక్కో వాలు 45 డిగ్రీలు. పిక్సెల్ గడుల్లో 45 డిగ్రీల గీతకు ఏ ఇబ్బందీ ఉండదు. ఒక గడి పక్కకు, ఒక గడి కిందికి, మెట్లు మెట్లుగా దిగిపోతుంది. అంచు మసకబారదు. సమస్య అడుగున వస్తుంది. సరిసంఖ్య వెడల్పులో గాడి కొస ఒక్క గడి దగ్గర కలవదు, రెండు గడుల వెడల్పు మిగిలిపోతుంది. ఆయన ఆ రెండు గడులనూ అలాగే ఇంకో రెండు వరుసలు కిందికి దించేశారు. అసలు వీ-బ్లాకుల్లో గాడి అడుగున సన్నటి రిలీఫ్ స్లాట్ ఉంటుంది. గడుల ఇరుకు వల్ల వచ్చిన చిక్కు, వస్తువులో నిజంగా ఉన్న భాగంగా మారిపోయింది. వస్తువును చేత్తో పట్టుకుని ఎరిగినవాడికి మాత్రమే తట్టే ఉపాయం ఇది.

ఇంజినీరింగ్ డ్రాయింగ్ షీటు మీద ఒక హెచ్చరిక ఉంటుంది: స్కేల్ చెయ్యరాదు. కాగితం మీద గీతను కొలిచి సైజు తేల్చుకోవద్దు, రాసిన కొలతనే నమ్ము అని దాని భావం. ఈయన దాన్ని ఐకాన్లకు తనదైన పద్ధతిలో వర్తింపజేశారు. పెద్ద బొమ్మ ఒకటి గీసి కంప్యూటర్ చేత కుదించడం ఆయనకు పొసగదు. “స్కేల్ చెయ్యొద్దని షీటు షీటుకూ మనమే రాస్తాం గదా. మళ్లా మనమే చేస్తే ఎట్లా?” అన్నారు.

ఐకాన్ ఫైల్ తయారీయే ఆ పద్ధతికి అనువుగా ఉంది. విండోస్ ఐకాన్ అంటే ఒక బొమ్మ కాదు, ఒకే ఫైల్‌లో ఉండే బొమ్మల కట్ట. మొదట 6 బైట్ల తలకట్టు, అందులో ఎన్ని బొమ్మలున్నాయో చెప్పే అంకె. తర్వాత బొమ్మకు 16 బైట్ల చొప్పున వివరాలు. ఆ తర్వాత బొమ్మలు. 16, 20, 24, 32, 48, 256, ఇలా ఏ సైజుకు ఆ సైజు బొమ్మ విడిగా పెట్టుకోవచ్చు. వెడల్పు రాయడానికి ఒక్క బైటే ఇచ్చారు, ఒక్క బైట్‌లో 255 దాటి పట్టదు. అందుకని 256 వెడల్పు బొమ్మకు అక్కడ సున్నా రాస్తారు. రంగుతో, పారదర్శకతతో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఆ పెద్ద బొమ్మ ఒక్కటే 2,62,144 బైట్లు తింటుంది. విస్టా నుంచి దాన్ని పీఎన్‌జీగా నొక్కిపెట్టే వీలు వచ్చింది కాబట్టి ఫైల్ బరువు చాలా తగ్గింది.

ఒక సైజు నుంచి ఇంకో సైజుకు వెళ్తుంటే ఆయన చేతిపని ఎలా మారుతుందో చూడాలి. 16లో డై సెట్ నీడబొమ్మ మాత్రమే. 32కు వచ్చేసరికి స్ట్రిప్పర్ ప్లేటు చేరింది. 48లో అలెన్ బోల్టుల తలలు కనిపిస్తాయి. 256లో అయితే కింది ప్లేటును కోసి చూపించి, కోత మీద 45 డిగ్రీల హ్యాచింగ్ గీతలు వేశారు, డ్రాఫ్టింగ్ బల్ల మీద వేసినంత శ్రద్ధగా. అవే గీతలు 16లో వేస్తే బూడిద చల్లినట్టు ఉంటుంది. డిస్‌ప్లేను 125 శాతానికి పెంచుకున్నవాళ్లకు చిన్న బొమ్మ 20 పిక్సెళ్లవుతుంది, 150 శాతానికి 24. ఆ రెండు సైజులూ విడిగా గీశారు. చాలామంది వాటిని వదిలేస్తారు. అప్పుడు విండోస్ వేరే సైజు బొమ్మను సాగదీసో కుదించో పెడుతుంది, అంచులు అలుక్కుపోతాయి.

ఇలా ఏ సైజుకు ఆ బొమ్మ అన్న క్రమశిక్షణకు పెద్ద వంశమే ఉంది. 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటర్ తెరమీదికి ఫోల్డర్, కాగితం బొమ్మలు తెచ్చింది, వాటిని రూపుదిద్దింది నార్మన్ కాక్స్. 1984 నాటి మెకింటాష్ బొమ్మలను సూజన్ కేర్ గీశారు. 32 గడుల చదరంలో, నలుపు తెలుపు రెండే రంగుల్లో, ముందు గ్రాఫ్ కాగితం పుస్తకంలో గడులు నింపుకుని. ఒక్కో బొమ్మ 128 బైట్లు. 1990లో వచ్చిన విండోస్ 3.0 బొమ్మల్లోనూ ఆమె చెయ్యి ఉంది. మనకు నచ్చిన బొమ్మను మనమే ఫోల్డర్‌కు అతికించుకునే వెసులుబాటును 1991లో మెకింటాష్ సిస్టమ్ 7 ఇచ్చింది. బొమ్మసంద్ర షెడ్డులోని ఈ బొమ్మలను ఆ వరుసలో పెట్టి చూడటానికి నాకు సంకోచం లేదు. అక్కడా ఇక్కడా పరీక్ష ఒకటే: ఇచ్చిన గడుల్లో వస్తువు తాలూకు ముఖ్యమైన భాగం మిగిలిందా లేదా.

ఈ బొమ్మలన్నీ ఒకసారి మాయమయ్యాయి, ఇక ఆ సంగతి. పాత కంప్యూటర్‌లో జాబ్ ఫోల్డర్లు, ఐకాన్ ఫైళ్లు ‘డి’ డ్రైవ్‌లో ఉండేవి. ఆ హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు మొదలయ్యాయి. సర్వీసు చేసే కుర్రాడొకడు దక్కినంత డేటా తీసి కొత్త మెషీన్‌లో పెట్టాడు. కొత్త మెషీన్‌లో ఆ డేటా ఉన్న డిస్క్‌కు ‘ఇ’ అన్న అక్షరం పడింది. తెరిచి చూస్తే ఫోల్డర్లన్నీ ఒకే పసుపు. డై సెట్ లేదు, వీ-బ్లాక్ లేదు. డ్రాయింగులు భద్రంగా ఉన్నాయి, వాటి మొహాలు పోయాయి.

విండోస్‌లో ఫోల్డర్ బొమ్మ ఫోల్డర్‌లో అతికి ఉండదు. ఫోల్డర్ లోపల డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైల్ దాగి ఉంటుంది. అది రెండు మూడు పంక్తుల చీటీ. మొదటి పంక్తిలో చతురస్ర బ్రాకెట్ల మధ్య చుక్కతో మొదలయ్యే షెల్‌క్లాస్‌ఇన్ఫో అన్న శీర్షిక, కింద ఐకాన్‌రిసోర్స్ అని రాసి, ఐకాన్ ఫైల్ ఎక్కడుందో దాని దారి, కామా, వరుస సంఖ్య. ఫోల్డర్లను తెరమీద చూపించే ఎక్స్‌ప్లోరర్ ఆ చీటీ చదివి బొమ్మ తెచ్చి చూపిస్తుంది. చీటీ ఉంటే సరిపోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ చీటీ ఉందేమోనని వెతికితే కంప్యూటర్ నెమ్మదిస్తుంది కాబట్టి, ఫోల్డర్‌కు రీడ్-ఓన్లీ గుర్తో సిస్టమ్ గుర్తో ఉంటేనే ఎక్స్‌ప్లోరర్ లోపలికి చూస్తుంది. ఫోల్డర్ విషయంలో రీడ్-ఓన్లీ అంటే తాళం కాదు, లోపల చీటీ ఉంది చూడు అని చెప్పే జెండా. పైగా ప్రాపర్టీస్ కిటికీలో కనిపించే రీడ్-ఓన్లీ గడిలో టిక్కు పెట్టినా తీసినా అది లోపలి ఫైళ్లకే వర్తిస్తుంది. ఫోల్డర్ జెండాను మార్చాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో యాట్రిబ్ అన్న ఆజ్ఞ వాడాలి. ఇక మూడోది క్యాష్. ఒకసారి చూపించిన బొమ్మలను విండోస్ తన దగ్గర దాచుకుని, మళ్లీ మళ్లీ అక్కడినుంచే చూపిస్తుంది.

చీటీ, జెండా, క్యాష్. ఎక్కడ తెగినా కనిపించే లక్షణం ఒకటే, పసుపు ఫోల్డర్. ఇలాంటప్పుడు అందరూ చెప్పే మొదటి మందు, ఐకాన్ క్యాష్ చెరిపెయ్యమని. ఈయన ఆ పనిని చిట్టచివరికి నెట్టారు. ఈ పునరుద్ధరణలో నన్ను నిలబెట్టేసిన నిర్ణయం అదే.

కారణం ఏమిటంటే, బ్యాడ్ సెక్టార్లు కొన్ని ఐకాన్ ఫైళ్లను కూడా మింగేశాయి. వాటికి ఇంకో కాపీ లేదు. కానీ పాత కంప్యూటర్ ‘సి’ డ్రైవ్ వేరే డిస్క్, అది బాగానే ఉంది. ఆ డ్రైవ్‌లో, యూజర్ ఫోల్డర్ లోతున, ఎక్స్‌ప్లోరర్ పేరుతో ఉన్న చోట ఐకాన్‌క్యాష్ ఫైళ్లు సైజుకు ఒకటి చొప్పున ఉంటాయి. పోయిన బొమ్మలు తెరమీద కనిపించినంత కాలం వాటి నకళ్లు అందులోకి చేరుతూనే ఉన్నాయి. పాత డిస్క్‌ను కేబుల్‌తో తగిలించి, ఆ ఫైళ్లను విడిగా కాపీ చేసుకుని, క్యాష్ లోపలి బొమ్మలను బయటికి తీసే ఒక ఉచిత ప్రోగ్రామ్‌తో తెరిచారు. వేల బొమ్మల గుంపులో, బ్రౌజర్ గుర్తులూ ప్రింటర్ గుర్తులూ పక్కకు తోస్తూ పోతే, తన స్నాప్ గేజ్, తన డ్రిల్ జిగ్ దొరికాయి. తెరమీద ఏ సైజులో చూపించారో ఆ సైజే క్యాష్‌లో ఉంటుంది. షాపులో జాబితాగానో మధ్యస్థం సైజులోనో చూసేవాళ్లు కాబట్టి 16, 48 సైజులు దొరికాయి. 256 దొరకలేదు. దొరికిన 48ని సాగదీసి 256 చెయ్యలేదు. ఆ టూల్ అసలు డ్రాయింగ్ తీసి, ఎదురుగా పెట్టుకుని, పెద్ద బొమ్మను కొత్తగా గీశారు. దొరికినదాన్ని దొరికినట్టు ఉంచారు, దొరకనిదాన్ని మూలం నుంచి కట్టారు. పాత వస్తువుల మరమ్మతులో ఇంతకంటే నిజాయితీ ఉన్న పద్ధతి నాకు తెలియదు.

ఆ తర్వాత ఫోల్డర్లను పరీక్షించారు. దాగిన ఫైళ్లతో సహా అన్నీ చూపించే జాబితా తీసి, ప్రింట్ చేసి, ఇన్‌స్పెక్షన్ షీటు మీద పెట్టినట్టే పెన్సిల్‌తో గుర్తులు పెట్టారు. చాలా ఫోల్డర్లలో చీటీ ఉంది, దారి మాత్రం ‘డి’ అని చెబుతోంది. డిస్క్ ఇప్పుడు ‘ఇ’. కొన్నింటిలో చీటీయే లేదు. సర్వీసు కుర్రాడు పాత ఫోల్డర్ తెరిచి, కనిపించినవన్నీ ఎంచుకుని, కొత్త ఫోల్డర్‌లోకి దించాడు. దాగి ఉన్న చీటీ కనిపించలేదు కాబట్టి ఎంపికలోకి రాలేదు. మరి కొన్నింటిలో చీటీ సరిగా ఉంది, బొమ్మ అక్కడే ఉంది, జెండా ఒక్కటే పోయింది. మూడు జబ్బులకు మూడు మందులు. అన్నిటికీ ఒకే మందు వేసి కొత్త చీటీలు రాసేసి ఉంటే పని తొందరగానే అయ్యేది. కానీ కొన్ని పాత చీటీల్లో టూల్ గురించి ఆయన రాసుకున్న ఒక పంక్తి వ్యాఖ్య కూడా ఉంది. ఫోల్డర్ మీద మౌస్ నిలిపితే ఆ వ్యాఖ్య చిన్న గడిలో కనిపిస్తుంది. అది పోకూడదు. అందుకని ప్రతి పాత చీటీకీ ముందు ఒక నకలు తీసి, వేరే పేరుతో పక్కన పెట్టి, ఆ తర్వాతే చెయ్యి వేశారు.

చీటీ తిరగరాయడంలో ఒక మెలిక ఉంది. హిడెన్, సిస్టమ్ గుర్తులున్న ఫైల్ మీద కమాండ్ ప్రాంప్ట్ నుంచి నేరుగా రాయబోతే యాక్సెస్ డినైడ్ అని తిప్పికొడుతుంది. ముందు ఆ రెండు గుర్తులూ తీయాలి, రాయాలి, మళ్లీ పెట్టాలి, చివర ఫోల్డర్‌కు జెండా ఎత్తాలి. ఈ నాలుగు మెట్లూ వరుస తప్పకుండా చేసే చిన్న బ్యాచ్ ఫైల్ రాసుకున్నారు. దాన్ని కూడా అసలు ఫోల్డర్ల మీద వదల్లేదు. నకలు ఫోల్డర్ల మీద నడిపి, సరిచూసి, అప్పుడు అసలువాటి మీద.

అన్నిటికంటే ముఖ్యం, మళ్లీ పోకుండా కట్టడం. ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ దగ్గరికెళ్లి, ఛేంజ్ ఐకాన్ నొక్కి బొమ్మను ఎంచుకుంటాం కదా, అప్పుడు చీటీలో పడేది డ్రైవ్ అక్షరంతో మొదలయ్యే పూర్తి దారి. డ్రైవ్ అక్షరం మారిందా, బొమ్మ గల్లంతు. ఈయన ప్రతి ఫోల్డర్ లోపలే దాని ఐకాన్ ఫైల్‌ను దాచి, చీటీలో దారి లేకుండా ఫైల్ పేరు ఒక్కటే రాశారు. దారి లేకపోతే ఎక్స్‌ప్లోరర్ ఆ ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది. ‘డి’ అయినా ‘ఇ’ అయినా, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో షాపుకు పోయినా, ఫోల్డర్‌తోపాటే బొమ్మ. వందల ఫోల్డర్లలో ఒకే బొమ్మ నకళ్లు ఉండటం డిస్క్‌ను వృథా చెయ్యడమే కదా అని అడిగాను. “చోటు పోతే కొనుక్కోవచ్చన్నా, జాబు కలిసిపోతే ఏం కొంటాం?” అన్నారు. ఆ లెక్క సరైనదే. ఒక్కో ఐకాన్ బరువు ఒక్క డ్రాయింగ్ షీటు బరువుకు కూడా తూగదు.

విండోస్ సొంత బొమ్మలు వాడిన ఒకటి రెండు చోట్ల కూడా ఇదే ముందుచూపు. సిస్టమ్ ఫైళ్లలోని బొమ్మను వరుస సంఖ్యతో పిలిస్తే, రేపు అప్‌డేట్‌లో వరుస మారితే వేరే బొమ్మ వస్తుంది. సంఖ్య ముందు మైనస్ గుర్తు పెడితే అది వరుస కాదు, ఆ బొమ్మకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య అని అర్థం. వరుస మారినా గుర్తింపు మారదు. ఆయన చీటీల్లో మైనస్ గుర్తులే ఉన్నాయి.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సిన పని ఇంకోటి చేశారు. కొన్ని ఐకాన్ ఫైళ్లకు ఆయన తెలుగులో పేర్లు పెట్టుకున్నారు: అచ్చు, పంచ్, గేజ్. ఐఎన్ఐ చీటీలను విండోస్ పాత పద్ధతిలో చదువుతుంది. యూనికోడ్‌కు ముందు కాలం నాటి కోడ్ పేజీల పద్ధతి అది. అందులో తెలుగుకు చోటే లేదు. మన లిపికి విండోస్‌లో గౌతమి ఫాంటుతో సహా ఆదరణ దక్కింది 2001లో ఎక్స్‌పీతో, అదీ యూనికోడ్ ద్వారానే. తెలుగు పేరున్న చీటీని ఆన్సీ రకంగా దాస్తే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. 2019 నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్-8లో దాస్తోంది, అది తెరిచి చూస్తే తెలుగు చక్కగా కనిపిస్తుంది. అసలు మోసం అక్కడే. ఐఎన్ఐ చదివే విండోస్ భాగం ఒక్కో తెలుగు అక్షరపు మూడు బైట్లనూ మూడు వేర్వేరు గుర్తులుగా చదువుకుని, అలాంటి పేరుతో ఫైల్ లేదని పసుపు ఫోల్డర్ చూపిస్తుంది. చీటీని యూటీఎఫ్-16 ఎల్ఈ రకంగా దాస్తే, ఫైల్ మొదట్లో పడే గుర్తును బట్టి విండోస్ దాన్ని యూనికోడ్‌గా పోల్చుకుని తెలుగును తెలుగుగా చదువుతుంది. ఇంగ్లిషు పేర్లు పెట్టేసుకుంటే ఈ శ్రమ తప్పేది. ఆయన తప్పించుకోలేదు. ‘అచ్చు’ అని పేరు పెట్టిన ఫైల్ ‘అచ్చు’గానే పనిచెయ్యాలని పట్టుబట్టి, పనిచేయించారు. మన భాషకు కంప్యూటర్‌లో చోటు ఇలాంటి పట్టుదలల వల్లే గట్టిపడుతుంది.

పక్క గదిలో డిజైన్ చేసే కుర్రాడికి మ్యాక్ ఉంది. అక్కడ పద్ధతి వేరు. ఫోల్డర్‌లో ఐకాన్ అనే పేరుతో దాగిన ఫైల్ ఉంటుంది. ఆ పేరు చివర కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ అక్షరం ఒకటి. బొమ్మ ఆ ఫైల్ తాలూకు రిసోర్స్ ఫోర్క్‌లో ఉంటుంది, ఫోల్డర్‌కు వేరే జెండా. లైనక్స్‌లో కేడీఈ వాడేవాళ్లకు డాట్ డైరెక్టరీ అనే చీటీ. ఒకదాని బొమ్మ ఇంకోదానిలో కనిపించదు. ఆయన మూడింటికీ పొంతన కుదర్చాలని చూడలేదు. షాపు ఫ్లోర్ మీద నడిచేది విండోస్, దానివరకు తిరుగులేకుండా చేశారు. అది తెలివైన హద్దు.

అన్నీ అయ్యాక, చిట్టచివర క్యాష్. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను ఆపి, కొత్త మెషీన్‌లోని ఐకాన్‌క్యాష్ ఫైళ్లను చెరిపి, మళ్లీ ఎక్స్‌ప్లోరర్‌ను లేపారు. చీటీలను చేత్తో మారిస్తే ఎక్స్‌ప్లోరర్‌కు కబురు అందదు కాబట్టి ఈ పని ఎలాగూ అవసరమే. కాకపోతే ఇప్పుడు అందులో కాపాడుకోవాల్సింది ఏదీ లేదు. తెరమీద జాబితా ఖాళీ అయి, ఒక్కొక్క వరుసే నిండుకుంటూ వచ్చింది: డై సెట్లు, జిగ్గులు, అచ్చులు, వీ-బ్లాకులు.

రంగుల గురించి కూడా ఒక మాట. టూల్‌ను గుర్తుపట్టడానికి ఆయన రంగు మీద ఎక్కడా ఆధారపడలేదు. ముందు ఆకారం, రంగు ఆ తర్వాతే.  ఎరుపు పచ్చల తేడా తెలియని కళ్లు ఏ షాపులోనైనా ఉంటాయి. డార్క్ థీమ్‌లోనూ, ఎంచుకున్నప్పుడు వెనకాల పడే నీలం మీదా బొమ్మ అంచు కరిగిపోకుండా ముదురు బూడిద గీత చుట్టూ ఇచ్చారు. తెల్లటి నేల మీద మాత్రమే సరిచూసి వదిలేసిన ఐకాన్లు ఎన్నో పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లలో చూస్తుంటాం. ఈ జాగ్రత్త వాటిలో ఉండదు.

ప్రస్తుతం లేత్ చక్ బొమ్మ దగ్గర పని ఆగి ఉంది. ఆనేకల్ నుంచి వచ్చి డిప్లొమా తర్వాత పని నేర్చుకుంటున్న అమ్మాయి దాన్ని గీస్తోంది. నాలుగు దవడల చక్ అయితే 16 గడుల్లో ఇట్టే కుదిరిపోతుంది, పైకి కిందికి అటు ఇటు. ఆ అమ్మాయి మొదట అదే గీసి తెచ్చింది. “మన లేత్‌కు ఉండేది మూడు దవడలది గదమ్మా” అని ఆయన వెనక్కి ఇచ్చారు. మూడు దవడలంటే మధ్య 120 డిగ్రీలు. ఒకటి నిట్టనిలువుగా పెడితే మిగతా రెండూ అడ్డగీతకు 30 డిగ్రీలు కిందికి వాలాలి. గడుల్లో 30 డిగ్రీలు రావు. రెండు గడులు పక్కకు, ఒకటి కిందికి పోతే 26.6 డిగ్రీలు వస్తుంది. అది ఒప్పుకోవచ్చని ఆ అమ్మాయి వాదన. దవడల కొసలు కలిసేచోట బార్ పట్టే రంధ్రం గుండ్రంగా ఉండటం లేదని ఆయన అభ్యంతరం. నేను చూసినప్పుడు రెండు రకాల బొమ్మలు రెండు ఫోల్డర్లకు తొడిగి పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకదానిలో రంధ్రం రెండు గడులు, ఇంకోదానిలో నాలుగు. లేత్ మీద పనిచేసే ఒడియా కుర్రాణ్ని పిలిచి, ఏదీ చెప్పకుండా, చక్ ఫోల్డర్ తెరవమన్నారు. అతను నాలుగు గడుల రంధ్రం ఉన్నదాన్ని తెరిచాడు. ఇంకో ఇద్దరిని అడిగాక తేలుద్దాం అన్నారాయన.